లేటే కొండలలో ఆకలి : జపాను యుద్ధకథలయందలి అరణ్యము

రెండవ ప్రపంచ సంగ్రామమును గూర్చి వెలసిన కథాసాహిత్యమున జపానువారి రచనల కొక ప్రత్యేకత కలదు. ఐరోపా రచయితల యుద్ధకథలకు నగరములు, మంచుమైదానములు, నిర్బంధశిబిరములు రంగస్థలములు కాగా, జపానువారి కథలలో పెక్కింటికి అరణ్యమే రంగస్థలము. ఆ అరణ్యము జపాను దేశములోనిది కాదు. ఫిలిప్పీను దీవులలోనిది, బర్మాలోనిది, న్యూగినీలోనిది. అందు శత్రువు కనబడుట అరుదు. కనబడునవి ఆకలి, చలిజ్వరము, వర్షము, జలగలు. వీటి నడుమ తన పటాలమునుండి తప్పిపోయి తిరుగాడు ఒంటరి సైనికుడు. పోరాటముకంటె ప్రాణరక్షణమే ఈ కథలకు ప్రధానవస్తువు. ఇట్టి కథలను చరిత్రకారుడు సాక్ష్యముగ గ్రహింపవచ్చునా, గ్రహించినచో అవి ఎవరిని గూర్చి సాక్ష్యము చెప్పుచున్నవి, ఎవరిని మరుగుపరచుచున్నవి అను ప్రశ్నలే ఈ వ్యాసమున విచారణీయములు.

విషయము మనకు మిక్కిలి దూరమైనదని తలంప నక్కరలేదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణముపైనను కాకినాడపైనను జపాను విమానములు బాంబులు వైచినవి. రంగూనులో బ్రతుకుతెరువు వెదకికొనిన తెలుగువారు పలువురు ఆ సంవత్సరమందే బర్మా కొండలను కాలినడకను దాటి రావలసి వచ్చెను. దారిలో పడిపోయినవారికి లెక్క లేదు. అరణ్యమును, ఆకలిని, జ్వరమును వారును ఎరుగుదురు. అయితే వారు చూచినది ఒక వైపు. రెండవ వైపు ఎట్లుండెనో తెలిసికొనుటకు జపాను రచయితల చెంతకే పోవలెను.

వారిలో అగ్రగణ్యుడు ఓకా షోహెయి. ఈతడు 1909వ సంవత్సరమున టోక్యో నగరమున జన్మించెను. క్యోటో విశ్వవిద్యాలయమున ఫ్రెంచి సాహిత్యము నభ్యసించి, స్టెంథాలు రచనల కనువాదకుడుగ పేరు గాంచెను. యుద్ధము ఆతని వృత్తి కాదు. కంపెనీలలో ఉద్యోగము చేయుచు ఆలుబిడ్డలను పోషించుకొనుచున్న గృహస్థు. 1944లో, ముప్పదియైదవ యేట, ఆతనిని నిర్బంధముగ సైన్యమున చేర్చుకొని ఫిలిప్పీను దీవులకు పంపిరి. మిండోరో దీవిలోని సాన్ హొసేలో గుప్తలిపి సందేశములకు సంబంధించిన పని ఆతని కప్పగింపబడెను. ఆ యేడు డిసెంబరు 15న అమెరికా సైన్యము ఆ దీవిపై దిగగా ఓకా యున్న చిన్నదళము కొండల కెక్కినది. 1945 జనవరి 25న, మలేరియాచే నడువలేక తోటివారినుండి విడిపోయి పడియున్నవాడై, అమెరికనులకు చిక్కెను. తరువాత లేటే దీవిలోని ఖైదీల శిబిరమున నుండి, ఆ సంవత్సరాంతమున స్వదేశము చేరెను.

ఇచ్చట ఒక విషయమును గుర్తుంచుకొనవలెను. 1941 జనవరిలో, తోజో హిదెకి సైన్యమంత్రిగా నున్నప్పుడు, జపాను సైనికులకు వెలువడిన నియమావళి శత్రువునకు సజీవముగ పట్టుపడుటను మహావమానముగ పరిగణించినది. ఓడిన దళమునకు మిగిలిన మార్గము చావొక్కటే యని సామాన్య సైనికుడు గ్రహించెను. కావున ఖైదీగా బ్రతికి వచ్చిన రచయిత కలము పట్టుటయే ఆ నియమావళికి ప్రత్యుత్తరము వంటిది. 1948లో ప్రకటితమైన 'ఫుర్యోకి', అనగా 'ఖైదీ వృత్తాంతము', ఆ ప్రత్యుత్తరము. అందు ఓకా తన ఆత్మహత్యా ప్రయత్నమును సైతము దాచలేదు. చేతిబాంబును ప్రయోగించుకొనగా అది పేలలేదు. ఒక సైన్యము తన సైనికుని చావు కొరకిచ్చిన సాధనము కూడ పనికిరానిదై యుండెనన్న ఈ చిన్న వివరము, ఆ సైన్యపు స్థితిని గూర్చి పెద్ద గ్రంథములు చెప్పునంత చెప్పుచున్నది.

ఆ గ్రంథమున మిక్కిలి ప్రసిద్ధమైన ఘట్టము వేరొకటి. గడ్డిలో పడియున్న ఓకాకు ఎదురుగ ఒక యువ అమెరికను సైనికుడు నడచి వచ్చుచుండెను. తుపాకి చేతనే యున్నది. గురి తప్పు దూరము కాదు. అయినను ఓకా కాల్పలేదు. అంతలో వేరొకచోట కాల్పులు వినబడి ఆ యువకుడు ప్రక్కకు తిరిగి పోయెను. ఎందుచేత కాల్పలేదు? ఈ ప్రశ్నను ఓకా న్యాయాధిపతివలె విచారించెను. మానవప్రేమయా? కన్నతండ్రికి యువకులపై కలుగు వాత్సల్యమా? చావు తప్పదని తెలిసినవాని ఉదాసీనతయా? దైవసంకల్పమా? ఒక్కొక్క కారణమును ఎత్తుకొని, తూచి, చాలదని ప్రక్కన పెట్టుచు పోయెను. గ్రంథముఖమున ఆతడు 'తన్నిషొ' అను బౌద్ధగ్రంథమును స్మరించుట ఇందులకే. ఆ గ్రంథమున షిన్రాన్ అను ఆచార్యుడు శిష్యునితో, వేయిమందిని చంపినచో నీకు ముక్తి నిశ్చయమని చెప్పగా, శిష్యుడు ఒక్కని నైనను చంపజాలనని విన్నవించుకొనును. అది నీ మంచితనముచేత కాదు, చంపుటకు తగిన పూర్వకర్మ నీకు లేకపోవుటచేతనే అని ఆచార్యుని తాత్పర్యము. కర్మసిద్ధాంతమును ఇంత నిర్దయగ చెప్పిన మాట మనవారి గ్రంథములలో నైనను అరుదు. ఆనాడు తాను చంపకపోవుటను ఓకా తన సుకృతముల లెక్కలో వ్రాసికొనలేదు. ఈ నిజాయతీయే ఆతనిని తక్కిన యుద్ధస్మృతికారులనుండి వేరు చేయుచున్నది.

'ఫుర్యోకి'లో తాను చేయని హత్యను గూర్చి వ్రాసిన ఓకా, తరువాతి నవల 'నోబి'లో చేసిన హత్యను గూర్చి వ్రాసెను. 1951లో పత్రికాముఖమున వెలువడి, 1952లో గ్రంథరూపము దాల్చిన ఈ నవల పేరునకు 'మైదానమందలి మంటలు' అని అర్థము. 1957లో ఐవన్ మారిస్ దీనిని ఆంగ్లీకరించెను. కథ లేటే దీవిలో జరుగును. ఓకా లేటేలో యుద్ధము చేసినవాడు కాడు. అచ్చట ఆతడు ఖైదీ. ఆ దీవిలో చావు తప్పించుకొనిన తోటి ఖైదీల నోట విన్న వృత్తాంతములను తన మిండోరో అనుభవముతో ముడిపెట్టి కల్పన చేసెను. ఆత్మకథ కాకపోయినను వట్టి ఊహయు కాదు.

కథానాయకుడు తమురా అను సామాన్య సైనికుడు, క్షయరోగి. తిండి తెచ్చుకొనలేని రోగి పటాలమునకు బరువు. తిండి లేకుండ వచ్చు రోగి ఆసుపత్రికి బరువు. రెండుచోట్లనుండియు గెంటబడిన తమురాకు పటాలనాయకుడు కొన్ని దుంపలిచ్చి, ఆసుపత్రివారు చేర్చుకొననిచో చేతిబాంబుతో ప్రాణము తీసికొమ్మని ఆజ్ఞాపించును. కథ ఈ ఆజ్ఞతోనే ప్రారంభమగును. తరువాత ఆతడు ఒంటరిగ కొండలలో తిరుగుట, ఒక గ్రామమున ఒక స్త్రీని చంపుట, సైన్యపు శిథిలములతో కలసి పడమటి తీరమునకు నడచుట, ఓర్మోకు బాటను దాటబోయి విఫలుడగుట, మరణించుచున్న ఒక సైన్యాధికారి తన మాంసమును తినవచ్చునని ఆతనికి అనుజ్ఞ యిచ్చుట, నగమత్సు, యసుదా అను ఇరువురు సైనికులు 'కోతిమాంసము' అను పేర ఎండబెట్టినది ఏమో ఆతనికి తెలియుట వరుసగ జరుగును. చివర తమురా టోక్యో సమీపమున ఒక మానసిక చికిత్సాలయములో కూర్చుండి ఇదంతయు వ్రాయుచున్నాడని తెలియును.

అధికారి మృతదేహముచెంత జరుగు ఘట్టము భయంకరమైనది. కుడిచేయి కత్తి నెత్తగా ఎడమచేయి దానిని పట్టుకొని ఆపును. ఒకే మనిషి రెండు చేతులకు వచ్చిన ఈ కలహమును చదువునపుడు మనకు భారత శాంతిపర్వమునందలి విశ్వామిత్రోపాఖ్యానము తలపునకు రాకమానదు. పండ్రెండేండ్ల క్షామమున ఆకలిగొన్న విశ్వామిత్రుడు చండాలుని యింట కుక్కమాంసమును దొంగిలింపబోవును. చండాలుడు మేల్కాంచి, వలదని ధర్మము బోధించును. ప్రాణము నిలుపుకొనినగాని ధర్మాచరణ మెట్లని మహర్షి వాదించును. ఆపద్ధర్మమును గూర్చిన ఈ చర్చ రెండు నోళ్లలో నడచినది. తమురా కథలో వాదించుటకు చండాలుడు లేడు. చనిపోవువాడు వలదనుటకు మారుగ తినుమని చెప్పును. కాదను బాధ్యత ఎడమచేతిపై పడినది. అంతకంటె ముఖ్యమైన భేదము మరియొకటి కలదు. విశ్వామిత్రుని క్షామము వానలు లేక వచ్చినది. లేటే క్షామము ఆజ్ఞలచేత వచ్చినది.

ఈ మాటను కొంత వివరింపవలెను. అమెరికా సైన్యము 1944 అక్టోబరు 20న లేటేపై దిగెను. ఫిలిప్పీనులలోని నిర్ణాయకయుద్ధము లూజానులో జరుపవలెనని ముందుగ తలచిన జపాను సేనానాయకత్వము, అకస్మాత్తుగ మనసు మార్చుకొని లేటేకు సైన్యమును తరలింప మొదలిడెను. విమానబలము క్షీణించిన పిదప ఓడలను ఓర్మోకు అఖాతమునకు పంపుట యనగా వానిని ముంచుటకు పంపుటయే. పెక్కు ఓడలు మునిగినవి. చేరిన ఓడలనుండి మనుష్యులు దిగగలిగినను బియ్యము, మందుగుండు చాలినంత దిగలేదు. డిసెంబరు 7న అమెరికను దళము ఓర్మోకు వద్దనే దిగుటతో ఆ మార్గమును మూసికొనిపోయెను. స్థానికముగనే తిండి సంపాదించుకొనవలెనన్నది సైన్యమునకు మిగిలిన విధానము. ఓకా తరువాత కూర్చిన లెక్కల ప్రకారము, ఆ దీవికి పంపబడిన జపాను సైనికులు సుమారు 84,000 మంది. చనిపోయినవారు సుమారు 79,000 మంది.

ఇది లేటేకు మాత్రమే పరిమితమైన దుర్గతి కాదు. 2001లో ఫుజివారా అకిరా అను చరిత్రకారుడు, తానును ఆ సైన్యమున అధికారిగ పనిచేసినవాడు, జపాను సైనికమృతులను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. 23 లక్షల సైనికమృతులలో సుమారు 14 లక్షలమంది ఆకలిచేతను, ఆకలివలన ముదిరిన రోగములచేతను చనిపోయిరని ఆతని నిర్ణయము. హాతా ఇకుహికో అను మరియొక చరిత్రకారుడు ఇది మితిమీరిన లెక్కయని తలచి నూటికి 37 వంతులకు తగ్గించెను. తక్కువ లెక్కను గ్రహించినను ఎనిమిది లక్షలకు మించుచున్నది. చరిత్రకారులు అంకెలతో వివాదపడుటకు అర్ధశతాబ్దము ముందే ఒక నవలాకారుడు కొన్ని దుంపలను, ఒక చేతిబాంబును ఒక రోగి చేతిలో పెట్టి ఈ విషయమునే చెప్పెనని మనము గమనింపవలెను. ఆపద్ధర్మ చర్చను తమురా ఆత్మకు మాత్రమే పరిమితము చేసి, పాపమా కాదా అని విచారించు విమర్శకులు, దుంపలిచ్చి వెళ్లగొట్టినవానిని మరచుచున్నారని నా యభిప్రాయము. నవలలో క్రైస్తవభావములు మెండుగ నుండుటచే వారి దృష్టి అటు మరలినది.

ఇక మరుగుపడినవారి మాట. 'నోబి'ని అరణ్యకథ యనుట వాడుక. కాని నవలను శ్రద్ధగ చదివినచో తమురా తిరుగాడు నేల అడవి కాదని తెలియును. అది కొబ్బరితోటలు, మొక్కజొన్నచేలు, చిలగడదుంపల మళ్లు గల పల్లెసీమ. తొలినుండి ఆతనిని వెన్నాడు మంటలు రైతులు పొలములలో కసవు కాల్చు మంటలో, గెరిల్లాలు ఒకరికొకరు చేయు సంకేతములో ఆతనికి తెలియదు. ఏదియైనను మంట యున్నచోట మనుష్యుడున్నాడు. ఆకలిచే కొట్టుమిట్టాడు తమురాకు కొండపై ఒక దుంపల చేను కనబడి, కొన్నాళ్లు స్వర్గసుఖము కలిగించును. ఆ చేనును త్రవ్వి నాటినవారు ఎక్కడనున్నారు? జపాను సైన్యమునకు వెరచి పారిపోయిరి. అరణ్యమని సైనికుడు పిలుచునది ఇల్లు వదలిన వారి ఊరు.

సముద్రతీరమున శిలువ గుర్తుగల గుడి యొకటి కనబడగా తమురా ఆ నిర్జనగ్రామమునకు దిగివచ్చును. అచ్చట ఒక ఫిలిప్పీను యువకుడు, యువతి పడవలో వచ్చి ఒక యింట ప్రవేశింతురు. తమురా వారి యెదుట నిలిచి అగ్గిపుల్లలడుగును. ఆమె కేక వేయును. ఆతడు కాల్చును. ఆమె పడిపోవును, యువకుడు పారిపోవును. వారు వచ్చినది నేలపలకల క్రింద దాచిన ఉప్పుకొరకు. తుపాకిని నీటిలో పారవైచిన తమురా, ఆ ఉప్పును మాత్రము సంచిలో నింపుకొని బయలుదేరును. తరువాత ఇతర సైనికులు ఆతనిని తమ గుంపులో చేర్చుకొనుట ఆ ఉప్పును చూచియే. కథలోని తక్కిన ఘట్టములన్నియు ఈ ఉప్పుమీద నడచినవి. నరమాంసభక్షణను గూర్చి వ్రాసిన విమర్శకులు పలువురు ఈ ఉప్పును దాటి పోయిరి. నాకు మాత్రము నవలకు ఇరుసు ఇదే యని తోచును. ఆకలిగొన్నవాడు నిస్సహాయుడన్నది సగము నిజము. ఆతని చేత తుపాకి యున్నంతవరకు ఆతని ఆకలి ఇంకొకరి మరణము కాగలదు. సింగపూరులో పట్టుబడి, న్యూగినీకి కూలీపనులకై తరలింపబడిన భారతీయ సైనికులు ఆ సత్యమును అనుభవించిరి. ఆకలిగొన్న జపాను సైనికులు తమ తోటివారిని చంపి తినిరని వారిలో బ్రతికినవారు యుద్ధానంతర విచారణలలో సాక్ష్యము చెప్పిరి.

దీనికి భిన్నముగ తకెయామా మిచియో రచించిన 'బిరుమా నో తతెగొతొ', అనగా 'బర్మా వీణ', ఎట్లు నడచినదో చూడుడు. తకెయామా (1903-1984) జర్మను సాహిత్యమును బోధించిన అధ్యాపకుడు. తన శిష్యులు యుద్ధమునకు పోయి తిరిగి రాకపోవుట ఆతనిని కలచివేసెను. 1947-48లలో 'అకతోంబొ' అను బాలుర పత్రికలో ఈ కథను ప్రకటించెను. బర్మాను ఆతడు కన్నులార చూడలేదు. పాటలు పాడు ఒక పటాలము, వీణ వాయించు మిజుషిమా అను సైనికుడు, యుద్ధానంతరము స్వదేశమునకు మరలక భిక్షువై జపాను మృతుల అస్థికలను పూడ్చుటకు ఆతడు బర్మాలో నిలిచిపోవుట—ఇది కథ. 1944 ఇంఫాలు దండయాత్రనుండి మరలిన దారి పొడవున రోగముచే, ఆకలిచే పడిపోయినవారి ఎముకలు తెల్లవారిన సంగతి జపానులో అందరెరిగినదే. ఆ దండయాత్రలో సుమారు 30,000 మంది జపాను సైనికులు మరణించిరి. వారికి శ్రాద్ధము పెట్టిన కథ కావుననే ఇది ఇంటింటను చదువబడెను. అందలి కరుణ నిజమైనది.

కాని థేరవాద భిక్షువునకు సంగీతవాద్యములు నిషిద్ధములు. వీణ చేతబట్టిన భిక్షువును బర్మా పాఠకు డంగీకరింపడు. ఇది చిన్నదోషము. పెద్దదోషము వేరు. మిజుషిమా కొండలలో నరమాంసభక్షకులైన ఒక జాతివారికి చిక్కి, వీణ వాయించి తప్పించుకొనును. బాలుర మనోరంజనమునకై ఇట్టి ఘట్టము చేర్చుట ఆనాటి సాహసకథల సంప్రదాయమే యనవచ్చును. అయినను కాలమును గమనింపుడు. న్యూగినీలో, ఫిలిప్పీనులలో మనుష్యమాంసము తినినవారు ఎవరో తెలిసియున్న ఆ దినములలో, జపాను బాలురు చదివిన కథలో నరభక్షకులు బర్మా కొండజాతివారైరి. మూడేండ్లు గడచిన పిదప 'నోబి'లో ఆ పని జపాను సైనికులకే చేరినది. తకెయామా బుద్ధిపూర్వకముగ నేరమును మార్చెనని నేననను. దుఃఖము మెండైనపుడు మన మృతులు తప్ప ఇతరుల మృతులు కనబడరు. బర్మా-సయాము రైలుమార్గమును వేయుటలో మలయా రబ్బరుతోటలనుండి కొనిపోబడిన తమిళ, తెలుగు కూలీలు వేలకొలది నశించిరి. మిజుషిమా పూడ్చిన ఎముకలలో వారివి లేవు.

ఈ రెండు కథలను ఇచికావా కోన్ చలనచిత్రములుగ తీసెను. మొదట 1956లో 'బర్మా వీణ'ను, పిదప 1959లో 'నోబి'ని. రెండవ చిత్రమున తమురా నరమాంసమును తినడు. పండ్లు ఊడిపోవుటచే తినలేకపోవును. చివర, మామూలు బ్రతుకు బ్రతుకువారిని చూడవలెనని మంటలవైపు నడచి, తూటా తగిలి కూలును. మూలమును మార్చినను ఇచికావా మంటలను సరిగ గ్రహించెను. తరువాత 1973లో, న్యూబ్రిటను దీవిలో ఎడమచేయి పోగొట్టుకొనిన మిజుకి షిగెరు తన పటాలపు కథను బొమ్మల రూపమున చెప్పెను. 1974లో లుబాంగు దీవినుండి ఒనొదా హిరో బయటకు రాగా, ముప్పది యేండ్లు అడవిలో బ్రతికిన ఆతని స్వీయకథ వీరగాథగ చెల్లెను. ఆ యేండ్లలో ఆతని దళముచే చంపబడిన ద్వీపవాసుల కథ ఎవరికిని వీరగాథ కాలేదు.

ఓకా మాత్రము 'నోబి'తో తృప్తి చెందలేదు. ఒక్కని కంటితో చూచిన లేటే చాలదని ఆతనికి తోచెను. 1967లో ఫిలిప్పీనులకు మరల పోయివచ్చెను. ఆ యేడే 'రెయితె సెన్కి', అనగా 'లేటే యుద్ధవృత్తాంతము', అను బృహద్గ్రంథమును పత్రికలో ప్రారంభించి, 1969 వరకు నడపి, 1971లో గ్రంథముగ ప్రకటించెను. ఇది కథ కాదు. జపాను, అమెరికా సైన్యముల నివేదికలను, బ్రతికినవారి మాటలను ఒకదానితో నొకటి ఒరసి, ఏ దళము ఏ గుట్టపై ఏ దినమున నశించెనో నిర్ణయించిన చరిత్ర. సేనానాయకుల స్మృతిగ్రంథములలోని అసత్యములను ఓకా పేరుపేరున పట్టి చూపెను. మృతసైనికుల కంకితమైన ఈ గ్రంథమును ఆతడు వారి స్తుతితో ముగింపలేదు. పరుల నేలపై లాభము వెదకిన జపాను, అమెరికా ప్రజలు ఇరువురును మరచిపోయినదానిని ఈ దీవి గుర్తుచేయుచున్నదనియు, ఆ నేలకు తాము చేసిన కీడు ఎట్టిదో కూడ చూపుచున్నదనియు గ్రంథాంతమున వ్రాసెను. 'నోబి'లో కేక వేసి పడిపోయిన స్త్రీకి ఇరువదియేండ్ల పిదప ఆమె దేశము పేర సమాధానము చెప్ప నుద్యమించినట్లు ఈ వాక్యములు నాకు తోచును.

ఆ 1971లోనే జపాను కళాపరిషత్తు ఓకాను సభ్యునిగ ఎన్నుకొనెను. తాను యుద్ధఖైదీగా పట్టుబడినవాడనని చెప్పి ఓకా ఆ గౌరవమును నిరాకరించెను. 1988 డిసెంబరులో మరణించువరకు మనసు మార్చుకొనలేదు.